ఘాట్‌లో మొరాయించి షెడ్డులో బుద్ధిగా నడిచే డీజిల్ కారు: ఆగి ఆగి వచ్చే ఇంజిన్ లోపాన్ని పట్టుకునే పద్ధతి

భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే రెండో గేరులో ఉన్నట్టుండి పికప్ పడిపోయేది. మీటర్ బోర్డులో పసుప్పచ్చ ఇంజిన్ లైటు వెలిగేది. బండి పక్కకు తీసి, కీ ఆపి, మళ్లీ సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యేది. తిరుపతికి తెచ్చి షెడ్డులో పెడితే గంటసేపు ఐడ్లింగ్‌లో ఉంచినా ఆ లక్షణం మచ్చుకైనా కనిపించేది కాదు. "బండి బాగానే ఉండాది కదన్నా" అనేవాడు మేస్త్రీ. నేనేదో కల కని వచ్చినట్టు చూసేవాడు కూడా.

2011 మోడల్, ఏపీ 03 నంబరు, 1,40,000 కిలోమీటర్లు తిరిగిన కామన్ రైల్ డీజిల్ బండి. ఎనిమిది నెలలు, మూడు షెడ్లు తిరిగాను. మొదటివాళ్లు డీజిల్ ఫిల్టర్ మార్చారు. రెండోవాళ్లు ఒక సెన్సర్ మార్చారు. మూడోవాళ్లు ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ పోయాయన్నారు, అరవై వేలు అవుతుందన్నారు. చివరికి బయటపడిన అసలు కారణానికి అయిన ఖర్చు మూడు వేల చిల్లర. ఆ కథ మధ్యలో చెబుతాను. ముందు నేర్చుకున్నది చెబుతాను: ఇలాంటి లోపాన్ని ముందు పట్టుకోవాలి, ఆ తర్వాతే బాగుచేయాలి. పట్టుకోకుండా మార్చే ప్రతి పార్టూ లాటరీ టికెట్టే.

మీది ఏ తరం డీజిల్?

పాత డీజిల్ బండ్లు రెండు రకాలు. పాత ఇండికా, అంబాసిడర్ డీజిల్ లాంటివాటిలో మెకానికల్ పంపు ఉంటుంది. వాటికి కంప్యూటర్ లేదు, లేదా నామమాత్రంగా ఉంటుంది. నడుస్తూ నడుస్తూ ఆగిపోతే చూడాల్సినవి మూడే: డీజిల్ లైనులో గాలి, ఫిల్టర్‌లో చెత్త, పంపు మీద ఉండే స్టాప్ సోలినాయిడ్‌కు (కరెంటు ఉన్నంతసేపే డీజిల్‌ను వదిలే కవాటానికి) కరెంటు అందుతోందా లేదా. ఆ సోలినాయిడ్ వైరు లూజైతే కీ ఆపినట్టే ఇంజిన్ టప్పున ఆగుతుంది. అక్కడితో ఆ రకం సంగతి దాదాపు అయిపోయింది.

రెండోది కామన్ రైల్. ఇందులో హై ప్రెషర్ పంపు డీజిల్‌ను ఒక ఉక్కు గొట్టంలోకి తోస్తుంది. దాన్నే రైల్ అంటారు. ఐడ్లింగ్‌లో అందులో ఒత్తిడి సుమారు 250 నుంచి 350 బార్ ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు చాలా బండ్లలో 1,200 దాటి 1,600 బార్ వరకూ పోతుంది. రైల్ చివర ఉండే చిన్న సెన్సర్ ఆ ఒత్తిడిని వోల్టేజిగా మార్చి ఈసీయూకు, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు చెబుతుంది. ఈసీయూ ఆ లెక్కను నమ్మి ఇంజెక్టర్లను ఎంతసేపు తెరవాలో నిర్ణయిస్తుంది. లెక్కలో అరక్షణం తేడా వచ్చినా ఇంజిన్‌ను కాపాడుకోవడానికి పవర్ తగ్గిస్తుంది, లేదా ఆపేస్తుంది. అందుకే నిజంగా డీజిల్ అందకపోయినా, అందుతున్న డీజిల్ గురించి అబద్ధపు కబురు వెళ్లినా, స్టీరింగ్ వెనక కూర్చున్న మనకు కనిపించేది ఒక్కటే. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఈ రకం గురించే.

మొదట నోట్‌బుక్

స్పానర్ పట్టుకునే ముందు పది రూపాయల నోట్‌బుక్ కొని డాష్‌బోర్డు అరలో పెట్టండి. లోపం వచ్చిన ప్రతిసారీ బండి పక్కకు తీసి, మరిచిపోకముందే రాయండి. ఎక్కడ, ఎత్తులోనా చదునులోనా, ఏ గేరు, ఆర్‌పీఎం సుమారు ఎంత, ఇంజిన్ చల్లగా ఉందా వేడెక్కిందా, ట్యాంకులో డీజిల్ ఎంత, ఏసీ వేసి ఉందా, వాన పడుతోందా, ఏ లైట్లు వెలిగాయి, సైలెన్సర్ నుంచి పొగ వచ్చిందా, వస్తే ఏ రంగు.

వీటన్నిటికంటే ముఖ్యం, ఇంజిన్ ఎలా పోయిందన్నది. స్విచ్ కట్టేసినట్టు టప్పున ఆగిందా? అయితే అనుమానం కరెంటు మీద: రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), ఎర్త్, క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుడును ఈసీయూకు చెప్పేది), వైరు. లేక గునిసి గునిసి, రెండు మూడుసార్లు కుదిపి ఆగిందా? అయితే డీజిల్ అందడం లేదు, లేదా లైనులో గాలి పట్టింది. అసలు ఆగకుండా, యాక్సిలరేటర్ తొక్కినా పైకి రాకుండా ఎద్దుబండిలా నడిచిందా? అయితే ఈసీయూ తనంతట తానే పవర్ తగ్గించుకుంది, లేదా టర్బో ఒత్తి పంపే గాలి ఇంజిన్‌కు అందడం లేదు. ఈ మూడింట్లో మీది ఏదో తేలితే పని సగం అయినట్టే. మళ్లీ స్టార్ట్ అయ్యేటప్పుడు సెల్ఫ్ ఎంతసేపు కొట్టాల్సి వచ్చిందో కూడా రాయండి. వెంటనే అందుకుంటే ఒక దారి, పావుగంట చల్లారాకే అందుకుంటే వేరే దారి.

నా పుస్తకంలో ఏడు సంఘటనలు చేరాయి. ఏడూ ఎత్తులోనే. ఏడూ రెండో గేరులోనో మూడో గేరులోనో, బాగా తొక్కినప్పుడే. ట్యాంకు నిండుగా ఉన్నా వచ్చింది, పావు ఉన్నా వచ్చింది. ఎండలోనూ వచ్చింది, నవంబరు వానలోనూ వచ్చింది. కీ ఆపి వేస్తే ప్రతిసారీ వెంటనే స్టార్ట్ అయింది. ఇన్ని ఆధారాలు చేతిలో ఉన్నా దారి కనిపెట్టలేకపోయానంటే తప్పు నాదే. నేను దాన్ని డీజిల్ సమస్య అనే చదువుకున్నాను.

ఘాట్‌లో ఆగితే

మలుపు దగ్గర ఇంజిన్ ఆగితే మొదట గుర్తుంచుకోవాల్సింది, బ్రేకు రెండు మూడుసార్లే తేలిగ్గా పడుతుంది. ఇంజిన్ నడిచేటప్పుడు బ్రేకుకు సాయపడే వాక్యూమ్ అయిపోయాక పెడల్ రాయిలా గట్టిపడుతుంది. కాబట్టి ఊరికే పంపు కొట్టకుండా ఒక్కసారి గట్టిగా తొక్కి పట్టండి. స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది, అయినా తిరుగుతుంది. బండి కదులుతుండగా కీని లాక్ దాకా తిప్పకండి. హ్యాండ్ బ్రేకు వేసి, మొదటి గేరులో ఉంచి, వెనక టైరు కింద రాయి పెట్టి, నాలుగు ఇండికేటర్లు వేయండి. పిల్లల్ని రోడ్డు వైపు దించకండి.

ఇంకో మాట. లోపం మళ్లీ వస్తుందేమో చూడటానికి తిరుమల ఘాట్ ఎక్కకండి. అలిపిరి దాటి ఎక్కే రోడ్డు ఒకే దిశలో నడుస్తుంది, సగంలో వెనక్కి తిప్పుకునే వీలు లేదు, వెనక యాత్రికుల బస్సులు వరసగా ఉంటాయి. తిరుపతివాళ్లు భాకరాపేట వైపు, చిత్తూరువాళ్లు మొగిలి ఘాట్ వైపు తెల్లవారుజామున, తోడు ఒకరిని తీసుకుని వెళ్లడం మేలు. మొగిలి దగ్గర బెంగళూరు లారీలు దడదడలాడుతుంటాయి, కాబట్టి ఆపుకోవడానికి చోటున్న ఎత్తునే ఎంచుకోండి.

కోడ్‌ను ఫొటో తీశాకే చెరపండి

ఇంజిన్ లైటు వెలిగినప్పుడు ఈసీయూ తనలో రాసి పెట్టుకునే లోపం నంబరే కోడ్. దాన్ని చదవడానికి స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (కోడ్లను ఫోనుకు పంపే చిన్న పరికరం) పెడితే కొన్ని పాత బండ్లు ఫోనుతో మాట్లాడతాయి, కొన్ని మాట్లాడవు. మాట్లాడకపోతే ఆ కంపెనీకి తగిన స్కానర్ ఉన్న షెడ్డుకు పోవాల్సిందే. ఎక్కడైనా సరే, ఒక షరతు ముందే పెట్టండి: కోడ్ చదివాక, చెరిపే ముందు, స్క్రీన్ ఫొటో తీసుకోవాలి. చాలా షెడ్లలో స్కానర్ పెట్టగానే చేసే మొదటి పని చెరపడం, రెండో పని "క్లియర్ అయిందన్నా, మళ్లీ వస్తే రా" అనడం. నా మొదటి నాలుగు నెలల ఆధారాలు అలాగే గాలిలో కలిశాయి. మళ్లీ లైటు వెలిగాక బ్యాటరీ టెర్మినల్ పీకి పెట్టినా కొన్ని బండ్లలో ఇదే నష్టం.

కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే పట్టిక ఉంటే దాన్నీ ఫొటో తీయండి. లోపం వచ్చిన క్షణంలో ఆర్‌పీఎం, వేగం, ఇంజిన్ వేడి, లోడ్ ఎంతున్నాయో అది చెబుతుంది. మీ నోట్‌బుక్‌కు అది సాక్షి.

డీజిల్ బండ్లలో తరచూ కనిపించే కోడ్లు కొన్ని. పి 0087 అంటే రైల్‌లో ఒత్తిడి తగ్గింది. పి 0192, పి 0193 అంటే రైల్ ప్రెషర్ సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజి ఉండాల్సిన దానికంటే తక్కువ, లేదా ఎక్కువ. పి 0335 క్రాంక్ సెన్సర్ సర్క్యూట్. పి 0299 టర్బో గాలి చాలడం లేదు. ఇక్కడే షెడ్లు బోల్తా పడతాయి. పి 0087కీ పి 0193కీ రెండింట్లోనూ రైల్ ప్రెషర్ అనే మాట ఉంటుంది కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. మొదటిది డీజిల్ కథ, రెండోది వైరు కథ. పైగా కోడ్ ఎప్పుడూ పోయిన పార్టు పేరు చెప్పదు, గొడవ ఏ సర్క్యూట్‌లో ఉందో చెబుతుంది. సర్క్యూట్ అంటే సెన్సరు, దాని సాకెట్, మూడు వైర్లు, ఈసీయూ దాకా మొత్తం. నా బండిలో వచ్చింది పి 0193. రెండో షెడ్డువాళ్లు అది చూసి సెన్సర్ మార్చారు. చెన్నై పుదుపేట నుంచి తెప్పించిన సెకండ్ హ్యాండ్ సెన్సర్, 2,500 రూపాయలు. పది రోజులకే మళ్లీ ఘాట్‌లో లైటు వెలిగింది.

చవక పనులు ముందు

200 రూపాయల మల్టీమీటర్ చాలు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. తర్వాత ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి ఇంజిన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ వైరు బాగాలేదు. పాత బండ్లలో ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు పట్టడం మామూలే. విప్పి, ఎమెరీ పేపర్‌తో గీకి, బిగించండి.

రిలే బాక్సులో మెయిన్ రిలేను అదే నంబరున్న ఇంకో రిలేతో మార్చి వారం నడిపి చూడటం ఉచితంగా అయ్యే పరీక్ష. వేడెక్కితే రిలే లోపలి టంకం పగిలి టప్పున ఆపేసే బండ్లు కొన్ని నేనే చూశాను. తాళంచెవి గుర్తు మీటరులో మినుకుమినుకుమంటుంటే అది ఇమ్మొబిలైజర్, అంటే కీని గుర్తుపట్టకపోతే ఇంజిన్‌ను నడవనివ్వని ఏర్పాటు. రెండో కీతో నడిపి చూడండి.

డీజిల్ దారి

ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే మార్చేయండి, దీని గురించి రెండో ఆలోచన వద్దు. మార్చే ముందు కింద ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి పాత డీజిల్‌ను తెల్ల గాజు సీసాలోకి పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున వేరుగా నిలబడతాయి, ఆ గీత చక్కగా కనిపిస్తుంది. నల్లటి జిగురు, ఇసుక లాంటివి ఉంటే ట్యాంకు కడిగించాలి. కొత్త ఫిల్టర్ పెట్టాక చేతి పంపు గట్టిపడేదాకా నొక్కి, ఆ తర్వాతే సెల్ఫ్ కొట్టండి. గాలితోనే సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడితే హై ప్రెషర్ పంపు పొడిగా తిరిగి అరుగుతుంది.

గాలి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది మేస్త్రీలు దీన్ని కంటితో వెతుకుతారు. ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్‌ను పీల్చే బండ్లలో ఆ గొట్టంలో ఒత్తిడి బయటికంటే తక్కువ. కాబట్టి చిన్న పగులు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద ఒక్క చుక్క తడి ఉండదు. "లీకేజీ ఏం లేదన్నా" అని మేస్త్రీ నిజాయితీగానే చెబుతాడు. దీన్ని పట్టడానికి ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య అడుగు పొడవు పారదర్శక డీజిల్ పైపు పెట్టి, క్లిప్పులు బిగించి, కాసేపు నడపండి. పెట్టిన వెంటనే బుడగలు రావడం సహజం. పది నిమిషాల తర్వాత కూడా సన్నగా ముత్యాల దండలా పారుతుంటే ట్యాంకు వైపున ఎక్కడో గాలి పీలుస్తోంది. ఫిల్టర్ మూత వాషరు, రబ్బరు గొట్టాల చివరలు, చేతి పంపు, ట్యాంకు మీది మూత, ఈ వరసలో చూడండి. పొద్దున్నే మొదటి స్టార్ట్‌కు సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి రావడం కూడా దీని గుర్తే. రాత్రంతా గాలి చేరి డీజిల్ వెనక్కి జారిపోయి ఉంటుంది.

లోపం ఎత్తులోనే, అదీ ట్యాంకు పావు కంటే తగ్గినప్పుడే వస్తుంటే ట్యాంకులోని జాలి లేదా పీల్చే గొట్టం మీద అనుమానం. చాలా దూరం నడిచాకే వస్తూ, ట్యాంకు మూత తీస్తే బుస్సుమని గాలి లోపలికి పీలిస్తే, మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. మూత కాస్త వదులుగా పెట్టి ఒక ట్రిప్పు వేస్తే తేలిపోతుంది.

ఆగిపోయాక సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్ దగ్గర ఒకరిని నిలబెట్టండి. తెల్లపొగ వస్తుంటే డీజిల్ లోపలికి పడుతోంది, మండటం లేదు. పొగే లేకపోతే ఇంజెక్టర్లు తెరుచుకోవడం లేదు. అంటే డీజిల్ రాలేదు, లేదా ఈసీయూ వద్దంటోంది.

వైర్లు: నా బండి దొంగ దొరికిన చోటు

మూడో షెడ్డువాళ్లు ఇంజెక్టర్ల మాట ఎత్తాక అరవై వేలు పెట్టే ముందు ఒకసారి చూపిద్దామని తిరుచానూరు రోడ్డులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయాను. అరవై దాటిన పెద్దాయన. నా నోట్‌బుక్ మొత్తం చదివాడు. చదివి, "ఎత్తులోనే వస్తా ఉండాది, వేడికి సంబంధం లేదు, కీ తిప్పితే సరిపోతా ఉండాది. ఎత్తులో ఇంజిన్ ఏం చేస్తుంది సామీ?" అని అడిగాడు. ఎక్కువ డీజిల్ తాగుతుందన్నాను. "అది సరే. ఇంకేం చేస్తుంది?" అన్నాడు. నాకు తోచలేదు.

బానెట్ ఎత్తి, మా బావమరిదిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టాడు. హ్యాండ్ బ్రేకు వేసి, కాలితో బ్రేకు గట్టిగా తొక్కి, మొదటి గేరు వేసి, క్లచ్ కొద్దిగా వదలమన్నాడు. నన్ను పక్కకు లాగి నిలబెట్టాడు. క్లచ్ పట్టే క్షణంలో ఇంజిన్ మొత్తం వెనక్కి, డాష్‌బోర్డు వైపు ఒరిగింది. రెండు వేళ్ల వెడల్పు కదిలింది. అంత కదలకూడదు. ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే పై మౌంటింగ్ రబ్బరు చీలి ఉంది.

"ఊగతా ఉండాది చూడు సామీ. ఊగినప్పుడల్లా ఈ వైరు లాగతా ఉండాది."

రైల్ ప్రెషర్ సెన్సర్ నుంచి వచ్చే వైర్ల కట్ట గరుకు గొట్టంలో చుట్టి ఉంది. ఆ కట్టను పాత మేస్త్రీ ఎవరో ఇంజిన్‌కు కాకుండా బాడీకి ఉండే కొక్కేనికి ప్లాస్టిక్ ట్యాగ్‌తో బిగించి కట్టాడు. ఇంజిన్ వెనక్కి ఒరిగిన ప్రతిసారీ కట్ట బిగుసుకుని సాకెట్ దగ్గర మెడ విరిగినట్టు వంగుతోంది. ఆయన గొట్టం కోసి, లోపలి మూడు వైర్లనూ ఒక్కొక్కటిగా రెండు వేళ్లతో పట్టి లాగాడు. రెండు వైర్లు గట్టిగా నిలబడ్డాయి. మూడోది ఉడికిన సేమియాలా సాగింది. పైన ప్లాస్టిక్ తొడుగుకు ఒక్క గీత లేదు. లోపల రాగి తీగలు దాదాపు అన్నీ తెగి, ఒకటో రెండో పోగులు మిగిలాయి. షెడ్డులో ఐడ్లింగ్‌లో ఆ పోగులు తగులుతూనే ఉంటాయి, లోపం ఎక్కడి నుంచి కనిపిస్తుంది?

మీరు ఇంట్లో చేసుకునే పరీక్ష కూడా ఇదే. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంచి, స్కానర్‌లో ఆ సెన్సర్ రీడింగ్ తెరిచి పెట్టి, సాకెట్ దగ్గర వైరును మెల్లగా కదపండి. రీడింగ్ ఎగిరినా, ఇంజిన్ తడబడినా దొరికినట్టే. తిరిగే ఫ్యాను, బెల్టుల దగ్గర చేతులు, చొక్కా చేతులు, మెడలో గొలుసు జాగ్రత్త. క్లచ్ పరీక్ష చేసేటప్పుడు బండి ముందూ వెనకా ఎవరూ ఉండకూడదు, రెండు సెకన్లకు మించి క్లచ్ పట్టి ఉంచకూడదు. తర్వాత ఇంజిన్ ఆపి, కీ తీసి, అనుమానమున్న వైర్లను ఒక్కొక్కటిగా లాగి చూడండి. సాకెట్ విప్పి లోపల పచ్చటి తుప్పు ఉందేమో చూడండి. 2021 నవంబరు వరదలో తిరుపతిలో నీళ్లలో నిలబడిన బండ్లు ఆ తర్వాత చేతులు మారాయి. అలాంటి బండి మీకు తెలియకుండా వచ్చి ఉంటే ఈ పచ్చదనం చాలా చోట్ల కనిపిస్తుంది. పొలాల పక్కన, గోడౌన్ల పక్కన బండి నిలిపేవాళ్లు ఎలుకలు కొరికిన గుర్తులు కూడా వెతకాలి.

తెగిన వైరును మెలిపెట్టి నల్ల టేపు చుడితే మూడు నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. అదే మందం వైరు ముక్క వేసి, టంకం పెట్టి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడగాలి. అతుకు సాకెట్‌కు ఆనుకుని ఉండకూడదు, కొంచెం దూరంగా, వంగని చోట ఉండాలి. కట్టను కాస్త వదులుగా వదిలి ఇంజిన్‌కే కట్టాలి, బాడీకి కాదు. నా బండికి వైరు పనికి 400, కొత్త మౌంటింగ్‌కు 2,800 అయింది.

వేడెక్కాకే ఆగే బండి

ఇది నాది కాదు, కానీ మన ఎండలకు చాలా బండ్లకు వచ్చేది. మేలో మధ్యాహ్నం శ్రీకాళహస్తి నుంచి వస్తుంటే టప్పున ఆగుతుంది, ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోదు, చెట్టు కింద అరగంట నిలిపితే మొదటి తిప్పుకే స్టార్ట్ అవుతుంది. క్రాంక్ సెన్సర్‌ను అనుమానించండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా చూపిస్తే అనుమానం బలపడుతుంది. సెన్సర్ చేతికి అందే చోట ఉంటే తడిగుడ్డ కప్పి చల్లార్చండి. వెంటనే స్టార్ట్ అయితే దాదాపు ఖాయం. దీన్ని మాత్రం సెకండ్ హ్యాండ్‌ది కొనకండి. అదీ ఇంతే ముసలిది.

ఉష్ణోగ్రత ముల్లు సగం దాటి పైకి పోయాక పవర్ తగ్గుతుంటే అది ఈ వ్యాసం విషయం కాదు. రేడియేటర్, ఫ్యాను, కూలెంట్ చూపించండి, అప్పటిదాకా ఎత్తు ఎక్కకండి.

గాలి, టర్బో

ఆగకుండా లాగడం మానేసి, నల్లపొగ వదులుతుంటే గాలి వైపు చూడండి. ఎయిర్ ఫిల్టర్, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) రబ్బరు గొట్టం చీలిక, టర్బోకు వెళ్లే సన్నటి వాక్యూమ్ గొట్టాలు, మసిపట్టిన ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది). తొక్కినప్పుడు ఈల లాంటి కొత్త శబ్దం వస్తే గొట్టమే. నూనె జిడ్డుతో దుమ్ము అంటుకున్న చోట చీలిక దొరుకుతుంది.

ఇంజెక్టర్లు, పంపు చివర

ఇంతవరకూ ఏమీ దొరక్కపోతేనే ఇక్కడికి రండి. ముందుగా ఒక హెచ్చరిక. పాత మెకానికల్ బండ్లలో ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ నట్టు వదులు చేసి ఏ సిలిండర్ మిస్ అవుతోందో చూసేవాళ్లు. కామన్ రైల్‌లో ఆ పని చేయకూడదు, ఎవరినీ చేయనివ్వకూడదు. వందల బార్ ఒత్తిడిలో వచ్చే డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్టే కనిపించినా ఆపరేషన్ దాకా పోయే గాయం అది. అలా జరిగితే ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. లీకేజీని చేత్తో తడిమి వెతకడం కూడా ఇందుకే వద్దు.

చేయించాల్సింది రిటర్న్ టెస్ట్. ఇంజెక్టర్ల మీద, మిగిలిన డీజిల్ వెనక్కి పోయే సన్నటి రిటర్న్ గొట్టాలు తీసి, నాలుగింటికీ ఒకే సైజు సీసాలు తగిలించి, కొన్ని నిమిషాలు నడుపుతారు. నాలుగు సీసాల్లో డీజిల్ సుమారు సమానంగా ఉండాలి. ఒకటి మిగతావాటికి రెండింతలో మూడింతలో నిండితే ఆ ఇంజెక్టర్ లోపల అరిగింది. ఒకటి అరిగితే నాలుగూ మార్చాలని లేదు. ముందు ఆ ఒక్కదాన్నీ ఇంజెక్టర్ టెస్ట్ బెంచ్ ఉన్న చోటికి పంపి రిపోర్టు తీసుకోండి. దాంతోపాటు స్కానర్‌లో రైల్ ఒత్తిడి ఎంత కావాలంటోంది, ఎంత వస్తోంది అనే రెండు అంకెలను ఎత్తు ఎక్కుతూ రికార్డు చేయించండి. కావాల్సింది 1,200, వస్తున్నది 700 అయితే డీజిల్ నిజంగానే చాలడం లేదు. వస్తున్నది మెల్లగా తగ్గకుండా ఒక్క క్షణంలో అసాధ్యమైన అంకెకు ఎగిరిందంటే అది వైరు. నిజమైన ఒత్తిడికి అలా గెంతడం చేతకాదు.

నా మూడో షెడ్డువాళ్లు ఈ రెండు పరీక్షల్లో ఒక్కటీ చేయలేదు. అరవై వేల మాట వినగానే నేను అడగాల్సింది రిటర్న్ టెస్ట్ ఫొటో. మీరు అడగండి. మొహమాటపడకండి.

షెడ్డుతో మాట్లాడే తీరు

"బండి మధ్యలో ఆగిపోతోంది, చూడన్నా" అని కీ ఇచ్చి వచ్చేస్తే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? నోట్‌బుక్‌లో పేజీ ఫొటో, కోడ్ ఫొటో వాట్సాప్‌లో పంపండి. మేస్త్రీని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, స్కానర్ తగిలించి, లోపం వచ్చే ఎత్తుకు తీసుకెళ్లండి. ఆ అరపూటకు కూలి విడిగా ఇస్తానని ముందే చెప్పండి. పార్టు మార్చిన కూలి తప్ప వెతికిన కూలి ఎవరూ ఇవ్వరు కాబట్టే షెడ్లు వెతకడం మానేసి మార్చడం అలవాటు చేసుకున్నాయి. ఒకసారి ఒక పార్టే మార్చమనండి. మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. తీసిన పాత పార్టు డిక్కీలో వేసుకోండి. నా పాత సెన్సర్ అలాగే మిగిలింది. వైరు బాగుచేశాక దాన్నే మళ్లీ బిగించాం, పనిచేస్తోంది.

బాగైందని ఎప్పుడు అనుకోవాలి?

కోడ్ చెరిపి, లోపం గతంలో ఎన్ని రోజులకోసారి వచ్చేదో దానికి మూడింతల కాలం రాకపోతే బాగైనట్టు. నాది సుమారు నెలకోసారి వచ్చేది, కాబట్టి మూడు నెలలు లెక్క పెట్టుకున్నాను. ఆ మూడు నెలల్లో కావాలనే అదే ఘాట్, అదే గేరు, ఏసీ వేసి, వెనక సీట్లో ముగ్గురిని ఎక్కించుకుని నాలుగుసార్లు ఎక్కాను. మొదటిసారి మా ఆవిడ మీటర్ బోర్డు వైపే చూస్తూ కూర్చుంది, నాకూ అరచేతులు చెమట పట్టాయి. నాలుగోసారికి ఇద్దరం లైటు సంగతి మరిచిపోయి చిన్నగొట్టిగల్లులో టీ తాగి వచ్చాం.